పెద్దకూర కాయితాలు

పెద్దకూరకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో ఇరవై నాలుగేండ్లు రాసి రాసి నాకు నోటికొచ్చింది. టాప్‌సైడ్, సిల్వర్‌సైడ్, థిక్ ఫ్లాంక్, రంప్, స్ట్రిప్‌లాయిన్, టెండర్‌లాయిన్, చక్, బ్లేడ్, బ్రిస్కెట్, షిన్ షాంక్. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తెలుగులో దానికున్న ఒక్క పేరు నలుగురిలో పలకడానికి మాత్రం నాకు యాభై ఏండ్లు పట్టింది.

నేను కసాయిని కాదు. వ్యాపారిని అసలే కాదు. బొంబాయిలో మాంసం ఎగుమతి చేసే ఒక కంపెనీ ఆఫీసులో కాయితాలు రాసే గుమాస్తాను. 1994లో చేరాను, 2018లో బయటికొచ్చాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ చెప్పను. నా గోడు ఒక కంపెనీ మీద కాదు.

మాది మెదక్ జిల్లాలో చిన్న ఊరు. మా నాయినకు రెండు పనులు. ఊర్లో పశువు సస్తే తోలు తీయడం ఒకటి. అంగడినాడు దళారుల దగ్గర పశువుల తోలకం రెండోది. అంగట్లో బేరం ఎట్లయితదో చూసినోళ్ళకే తెలుస్తుంది. అమ్మేటోడు, దళారి చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుతారు. తువ్వాల కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. చుట్టూ యాభై మంది నిలబడి ఉంటారు, ఒక్కనికీ ధర తెలియదు. బేరం కుదిరినంక పలుపు తాడు మా నాయిన చేతికొచ్చేది. ఎనిమిది పది బర్రెలను, ముసలి దున్నలను ముందర పెట్టుకుని ఆయన, ఇంకో ఇద్దరు హైదరాబాదు దిక్కు నడిచేవాళ్ళు. రెండు రాత్రులు తొవ్వలోనే. దినానికింత అని కూలి.

పాలు వట్టిపోయిన బర్రెను ఇంట్లో ఉంచుకుని మేపడం ఏ కాపుకూ సాధ్యం కాదు. గడ్డి ఖర్చుకు దాన్ని అమ్మి, వచ్చిన పైసలకు కొంత కలిపి పాడి బర్రెను కొనుక్కుంటాడు. బర్రెల పాడి బతికి ఉన్నది అట్లనే. అమ్మేటప్పుడు మా ఊరి పటేలు మాత్రం తప్పకుండా ఒక మాట అనేవాడు. “సాదుకునేటోనికే అమ్మురి, మాకు పాపం అంటొద్దు.” అది ఎక్కడికి పోతదో ఆయనకూ తెలుసు, దళారికీ తెలుసు, బర్రెకు తప్ప అందరికీ తెలుసు. పైసలు పటేలు బొడ్లో చెక్కుకున్నాడు. నడిచింది మా నాయిన. పాపం ఎవరి లెక్కలో పడిందో మీకు నేను చెప్పాల్నా?

వాడలో పశువును కోసిన రోజు, లేకుంటే పోచమ్మకు దున్నపోతును ఇచ్చిన రోజు, మా నాయిన రాజు. ఆయన కత్తి పట్టిండంటే బొక్కకు కూర అంటుకుని ఉండేది కాదు. తోలు మీద ఒక్క గాటు పడేది కాదు. మోదుగాకులు పరిచి మా అవ్వ పోగులు పెట్టేది. ఎన్ని ఇండ్లుంటే అన్ని పోగులు. ప్రతి పోగులో తొడ కూర కొంచెం, డొక్కల కూర కొంచెం, కార్జం ముక్క, బోటి, ఒక మూలుగ బొక్క. మొగుడు సచ్చిన ముసలమ్మకు కూడా అదే పోగు. కోసినోనికి ఒక పోగు ఎక్కువ. తిన్నంక మిగిలింది సన్నగా చీరి, ఉప్పు, పసుపు పట్టించి తాడు మీద ఆరేస్తే తునకలు. వానకాలం పనుల్లేనప్పుడు మా కడుపు నింపినవి ఆ తునకలే. వాడ ముందర నుంచి పటేండ్లు పోతుంటే మా అవ్వ ఆ తాడు మీద చీర కప్పేది. బడిలో నా పక్కన కూసున్న పిలగాడు పొద్దున లేస్తే నన్ను వాసన చూసేవాడు.

డిగ్రీ అయినంక రెండేండ్లు తిరిగినా ఊర్లో, సంగారెడ్డిలో పని దొరకలేదు. మా మేనమామ ధారావిలో తోలు పనిలో ఉండేవాడు. ఆయన దగ్గరికి పోయాను. ఆయన తోలు కొనే షావుకారి చెప్పగా ఈ ఆఫీసులో టైపు పని దొరికింది. ‘ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్’ అన్నారు. బట్టలో, మసాలాలో అనుకున్నాను. మొదటి రోజు టైపు చేయమని ఇన్వాయిసు ఇచ్చారు. సరుకు వివరం అన్న గడిలో ‘ఫ్రోజెన్ హలాల్ బోన్‌లెస్ బఫెలో మీట్’ అని కొట్టాలి. కొట్టాను. వేళ్ళు ఆగినయి. చుట్టూ చూశాను. ఏసీ ఆఫీసు, టై కట్టుకున్న మనుషులు, గోడకు దేవుని పటం, టెలెక్సు మిషను. నా ఇంట్లో చీర కింద దాచిన దానికి ఇక్కడ ఇంత మర్యాదా అనిపించింది. రాత్రి మామకు చెబితే కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. “బొంబాయి దాక వొచ్చినవు, ఆడికే పోయి పడ్డవారా?” అన్నాడు.

ఈ వ్యాపారం ఎట్లా నడుస్తుందో మనవాళ్ళు తెలుసుకోవాలె. కొంచెం వివరంగానే చెబుతాను.

మొదటి సంగతి, మన దేశం నుంచి బయటికి పోయేది ఆవు మాంసం కాదు. ఆవు, ఎద్దు, దూడ మాంసం ఎగుమతి నిషేధం. పోయేది బర్రె, దున్న మాంసమే. 1985 చట్టం కింద ఏర్పడిన అపెడా అనే కేంద్ర సంస్థ దగ్గర నమోదైన కబేళాల నుంచే పోవాలి. రెండోది, మన పశువులకు గాలికుంటు రోగం ఉంది కాబట్టి యూరపు, అమెరికా మన మాంసం తీసుకోవు. తీసుకునే దేశాలు ఒక షరతు పెడతాయి. కోసిన పశువును ఒక రోజంతా చల్లటి గదిలో వేలాడదీయాలి. అప్పుడు మాంసంలో పులుపు పుట్టి, పీహెచ్ ఆరు కంటే కిందికి దిగుతుంది. ఆ పులుపులో రోగం పురుగు బతకదు. బొక్కల్లో, గ్రంథుల్లో ఆ పులుపు పుట్టదు కాబట్టి వాటిని తీసేయాలి. అందుకే ‘బోన్‌లెస్’. మా అవ్వ ప్రతి పోగులో తప్పకుండా పెట్టిన మూలుగ బొక్క ఈ వ్యాపారంలో మొదటే పక్కకు పోతుంది.

తీసిన మాంసాన్ని ముక్క పేరును బట్టి వేరు చేస్తారు. గడ్డ కట్టించి 20 కిలోల అట్టపెట్టెల్లో పెడతారు. సున్నాకు కింద 18 డిగ్రీల చలిలో నిలువ చేస్తారు. నలభై అడుగుల కంటైనరుకు 1,400 పెట్టెలు, అంటే 28 టన్నులు. మా సరుకు ముంబై దగ్గరి నవా షెవా రేవు నుంచి ఓడ ఎక్కేది.

కొనేవాళ్ళు ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క తీరు. హోటళ్ళకు సరఫరా చేసే గల్ఫు వ్యాపారి టెండర్‌లాయిన్, స్ట్రిప్‌లాయిన్ అడుగుతాడు. మలేసియా వాడు కూరకు, రెండాంగుకు తొడ మాంసం అడుగుతాడు. ఫిలిప్పీన్స్ ఫ్యాక్టరీలు డబ్బాల్లో నింపే కార్న్‌డ్ బీఫ్ కోసం ముందరి మాంసం, తరుగు ముక్కలు కొంటాయి. ఈజిప్టులో సర్కారు దుకాణాల్లో, పేద బస్తీల్లో తినేది మన మాంసమే. ఇండోనేసియా 2016 నుంచి తన సర్కారు సంస్థ ద్వారా కొనడం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా, బ్రెజిల్ మాంసం కంటే మనది చౌక. పాల కోసం పెంచిన బర్రె కాబట్టి దాని మేపుడు ఖర్చంతా పాల లెక్కలోనే తీరిపోతుంది.

అమ్మేవాని తెలివంతా ఒక పశువును ఎన్ని దేశాలకు పంచగలడన్న దాంట్లో ఉంటుంది. తొడ మాంసం ఒక్కటే అమ్ముకుంటే ముందరి మాంసం గోదాములో పడి ఉంటుంది. అందుకని తొడ కావాలన్న వానికి ‘ముందరిది కూడా ఇన్ని టన్నులు తీసుకో’ అని అంటగడతారు. పెద్ద బేరాలు దుబాయిలో ఏటా జరిగే గల్ఫుడ్ ప్రదర్శనలో కుదురుతాయి. నడుమ ఏజెంట్లు ఉంటారు, టన్నుకు ఇన్ని డాలర్లని వాళ్ళ దస్తూరీ. రంజానుకు రెండు మూడు నెలల ముందు గిరాకీ లేస్తుంది, ధర లేస్తుంది. ఒకరి ధర ఇంకొకరికి తెలియకుండా తలుపులేసుకుని ఫోన్లలో మాట్లాడుకుంటుంటే నాకు మా అంగడి యాదికొచ్చేది. తువ్వాల ఒక్కటి లేదు, అంతే.

బేరం కుదిరినంక మిగిలేదంతా కాయితాలే. కొనేవాడు నూటికి ఇరవయ్యో ముప్పయ్యో ముందు పంపుతాడు. సరుకు ఓడ ఎక్కినంక ఓడ కంపెనీ బిల్ ఆఫ్ లేడింగ్ ఇస్తుంది. సరుకుకు అదే పట్టా. దానికి ఇన్వాయిసు, పెట్టెల జాబితా, ప్రభుత్వ పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం, హలాల్ ధ్రువపత్రం, ల్యాబు రిపోర్టు, ఏ దేశపు సరుకో చెప్పే పత్రం జతచేసి బ్యాంకు ద్వారా పంపాలి. అక్కడి బ్యాంకులో మిగతా డబ్బు కడితేనే ఆ కట్ట కొనేవాని చేతికొస్తుంది. కట్ట లేకుంటే రేవులో కంటైనరు తాళం తీయరు. ఈ కట్ట కట్టడమే నా పని. ఒకసారి సీలు నంబరులో ఒక అంకె తప్పు కొట్టాను. కంటైనరు తొమ్మిది రోజులు పరాయి రేవులో కరెంటు తీగకు వేలాడుతూ నిలబడింది. దినానికి ఇంతని జుర్మానా. నా జీతంలోంచి మూడు నెలలు కోత. ఒక్క అంకెకు ఎంత బలమున్నదో ఆ రోజు తెలిసింది. మాంసం కంటే కాయితం బరువెక్కువ.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

1997లో అనుకుంటాను. అప్పటికి నా పెండ్లయి, ధారావి దగ్గర్నే ఒక గదిలో ఉంటున్నాం. ఆదివారం పెద్దకూర వండుకున్నాం. సోమవారం నా భార్య మిగిలిన కూర డబ్బాలో పెట్టింది. మధ్యాహ్నం ఆఫీసులో మేము ఏడెనిమిది మందిమి ఒక బల్ల దగ్గర తినేవాళ్ళం. మూత తీశాను. ఘుమ్మని వాసన. పక్కన కూసున్న లెక్కల పెద్దాయన ముక్కు మూసుకుని లేచాడు. “యే క్యా హై?” అన్నాడు. చెప్పాను. ఆ బల్ల మీదనే, మా డబ్బాల పక్కన, ల్యాబు నుంచి తిరిగొచ్చిన సాంపిలు పెట్టె ఉంది. అందులో ఉన్నదీ అదే. ఆయన దాని వంక చూడలేదు. నా డబ్బా వంక చూశాడు.

సాయంత్రం సేటు పిలిచాడు. మంచివాడే. ఎన్నడూ నన్ను అరే తురే అనలేదు. “ధందా ధందా, ఆఫీసు ఆఫీసు. నలుగురు వెజ్ మనుషులున్నారు. బల్ల మీద ఇటువంటివి వద్దు” అన్నాడు. ఆయన కూడా వెజ్జే. ఆ కంపెనీ భాగస్థుల్లో ఇద్దరు హిందువులు, ఒకరు ముస్లిం. ఆయన చేతిలో అప్పుడు నేను తయారుచేసిన కట్ట ఉంది. నాలుగు కంటైనర్లు. 112 టన్నులు. దానికింద సంతకం పెడుతూనే నాకీ మాట చెప్పాడు.

మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. నేను “జీ” అన్నాను. డబ్బా తీసుకుని లిఫ్టు పక్కన మెట్ల మీద కూసుని తిన్నాను. చల్లారిన కూర గొంతు దిగలేదు. కానీ పారేయలేదు. మా అవ్వ పోగులు పెట్టినప్పుడు నేల మీద పడ్డ తునక కూడా కడిగి కుండలో వేసేది. ఆమె కొడుకునై ఎట్లా పారేస్తాను? ఆ తర్వాత ఇరవై ఒక్క ఏండ్లు నేను ఆ ఆఫీసుకు పెద్దకూర తీసుకుపోలేదు. ఆలుగడ్డ కూర, పప్పు. కిరాయి ఇల్లు అడగబోయినప్పుడు ఏం పని అంటే ‘ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్’ అన్నాను. పిల్లల బడి కాయితాల్లోనూ అదే రాశాను. ఆఫీసులో కూడా ఎవరూ ‘మాంసం’ అనేవాళ్ళు కాదు. ‘మాల్’ అనేవాళ్ళు, ‘ప్రాడక్ట్’ అనేవాళ్ళు. అందరం కలిసి ఒక మాటను దాచుకుని బతికాం. వాళ్ళు దాచుకుంటే ఫ్లాట్లు లేచినయి. నేను దాచుకుంటే కిరాయి గది దొరికింది.

ఒకసారి పెట్టెల లెక్క తేడా వచ్చిందని నన్ను కబేళాకు పంపారు. మాంసం కోసే హాలు చూశాను. తెల్ల కోటు, తెల్ల టోపీ, మోకాళ్ళ దాక బూట్లు. ఎడమ చేతికి ఉక్కు అల్లిక గ్లవుజు. వందల మంది వరసగా నిలబడి, పొగలు కక్కే చలిలో బొక్క నుంచి కూరను విడదీస్తున్నారు. ఎక్కువ మంది యూపీ, బీహారు, బెంగాలు పిలగాండ్లు. ఒకాయన పని చూస్తూ నిలబడిపోయాను. సన్న కత్తి, మణికట్టు ఒక్కటే తిరుగుతుంది. బొక్క తెల్లగా బయటికొస్తుంది. అచ్చం మా నాయిన చెయ్యి. సూపర్‌వైజరును అడిగాను, వీళ్ళకు కూర ఏమన్నా ఇస్తారా అని. ఆయన నన్ను వింతగా చూశాడు. బయటికి పోయేటప్పుడు గేటు దగ్గర అందరినీ తడిమి చూస్తారని చెప్పాడు. మా వాడలో కోసినోనికి ఒక పోగు ఎక్కువ. ఇక్కడ కోసినోనికి పోగే లేదు.

ఆ తిరిగే మార్గంలోనే ఊరికి పోయాను. అవ్వ ఎప్పటి నుంచో అడుగుతుండె, నీ పనేందిరా అని. ఆ రోజు చెప్పాను. ఆమెకు నమ్మకం కాలేదు. ఒక్కొక్కటే అడిగింది.

“మరి బొక్కలేం జేస్తరు?”

“ఉడకబెట్టి పొడి చేస్తరవ్వా. కోళ్ళ దాణాల కలుపుతరు.”

“కొవ్వు?”

“కరగబెట్టి సబ్బులకు పంపుతరు.”

“తోలు?”

“అరవ దేశం. ఆంబూరు, వాణియంబాడి.”

“అయితే ఏదీ పారెయ్యరు. మన లెక్కనే” అన్నది. సంతోషపడ్డట్టే ఉంది. కొంచెంసేపు ఊకుండి మళ్ళీ అడిగింది. “మరి ఆ దేశాలల్ల గింత కూర తినేటోళ్ళను ఊరి బయటనే ఉంచుతరా బిడ్డా?”

“లేదవ్వా, ఆడ అందరు తింటరు. సర్కారు కొని పెడ్తది.”

“మరి వాళ్ళను ముట్టుకుంటరా?”

నేను ఇంగ్లీషులో పది పేర్లు నేర్చుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు నాకు జవాబు రాలేదు.

జవాబు కొంత మా తమ్ముడు చెప్పాడు. వాడు 2003లో దుబాయి పోయి కట్టడం పనిలో చేరాడు. ఒక శుక్రవారం ఫోను చేశాడు. “అన్నా, ఈడ దుకాణంల మన దేశం పెద్దకూర అమ్ముతుండ్రు. కవరు మీద ఏదో నంబరున్నది.” చదవమన్నాను. చదివాడు. నేను రోజూ రాసే కబేళా నంబరే. నా కాయితంతో పోయిన కూర నా తమ్ముని గిన్నెలో పడ్డది. అంగడి నుంచి తోలింది నాయిన, కాయితం రాసింది నేను, వండుకుంటున్నది వాడు. ఫోనులో ఇద్దరం నవ్వుకున్నాం.

వాని గదిలో ఆరుగురు. అందులో మా పక్క ఊరి పెద్దకులం పిలగాడొకడు. ఎండలో పన్నెండు గంటలు సిమెంటు మోసి వచ్చినోనికి మటను కొనే తాహతు లేదు, బర్రె కూర చౌక. మొదట రెండు వారాలు వద్దన్నాడట. మూడో వారం నుంచి మా తమ్ముడు వండితే ఒకే తబుకులో తిన్నాడట. తెలిసే తిన్నాడు, అడిగి వేయించుకుని తిన్నాడు. నాలుగేండ్లు. తర్వాత ఇద్దరూ ఒకే నెలలో సెలవు మీద వచ్చారు. మా తమ్ముడు వాళ్ళ ఊరికి పోయి పలకరిస్తే వాడు అరుగు దిగి వచ్చి, నిలబెట్టే మాట్లాడి, నిలబెట్టే పంపించాడు. మంచినీళ్ళు కూడా అడగలేదు. అవ్వా, నీకు జవాబు ఇదే. కూర సముద్రం దాటితే కులం పోతుంది. తిరిగి దిగినంక మళ్ళీ అంటుకుంటుంది.

కాయితం మీద ఉన్నది ఒకటి, జరిగేది ఒకటి అని నాకు బాగా తెలిసింది వియత్నాం బేరాల్లో. 2010 తర్వాత కొన్నేండ్లు మన మాంసం అందరికంటే ఎక్కువ వియత్నాంకే పోయింది. హై ఫాంగ్ రేవు అని వందల కట్టలు కట్టాను. వియత్నాం వాళ్ళు అంత మాంసం తింటారా అని నాకు మొదట ఆశ్చర్యం. తర్వాత ఎరుకైంది, అందులో పెద్ద భాగం సరిహద్దు దాటి చైనాకు పోతుందని. గాలికుంటు రోగం పేరుతో చైనా మన మాంసాన్ని నేరుగా రానివ్వలేదు. అధికారికంగా వద్దంటుంది, తినేవాళ్ళు తింటారు. 2019 తర్వాత చైనా సరిహద్దులో పట్టుదల పెంచాక ఆ తోవ సన్నబడింది. ఊర్లో పటేలు, గల్ఫు నుంచి వచ్చిన పిలగాడు, చైనా, అందరిదీ ఒకటే నీతి అనిపించింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రపంచ వ్యాపారంలో ఈ సరుకు కోడు 0202 30. ఎముకల్లేని, గడ్డ కట్టించిన గొడ్డు జాతి మాంసం అని దానర్థం. ఆవుకూ, బర్రెకూ ఆ కోడు ఒకటే. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో మన బర్రె మాంసం ‘బీఫ్’ కిందనే పడి, ఇండియా కొన్నేండ్లు బ్రెజిల్‌తో సమానంగా ముందు వరసలో నిలబడింది. 2014-15లో మన దేశం పంపింది 14 లక్షల టన్నులు దాటింది. విలువ 29 వేల కోట్ల రూపాయల పైనే. బాస్మతి బియ్యం కంటే ఎక్కువ. మా వాడల మీద ఉమ్మేసిన దేశం ఆ కూర అమ్మి డాలర్లు తెచ్చుకున్నది. ఈ సంగతి ఏ పండుగనాడూ ఏ మైకులోనూ ఎవరూ చెప్పరు.

2014 ఎన్నికల్లో ఈ ఎగుమతులనే ‘గులాబీ విప్లవం’ అని ఎద్దేవా చేస్తూ ప్రచారం జరిగింది. మా ఆఫీసులో అందరూ భయపడ్డారు, వ్యాపారం మూతపడుతుందని. మూతపడలేదు. 2022-23లో కూడా దాదాపు 12 లక్షల టన్నులు పోయింది. దెబ్బ ఎక్కడ పడిందంటే, కింద. 2015లో మహారాష్ట్రలో ఎద్దులను కూడా కోయవద్దని చట్టం వచ్చింది. ధారావిలో మా మామ చేతికి తోలు రావడం తగ్గింది. 2016 జూలైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత పిలగాండ్లను బండికి కట్టి కొట్టారు. ఆ మరుసటి నెలలోనే మన అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ములను కొట్టారు. మా నాయిన బతికుంటే ఆ వార్త విని ఏమనేవాడో. బతుకంతా ఆయన చేసిన పని అదే.

2017 మే నెలలో అంగట్లో కోతకు పశువులను అమ్మవద్దని కేంద్రం నియమాలు తెచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. ఆ నడుమనే మా చిన్నాయిన కొడుకుకు అయింది. మా నాయిన కాళ్ళతో తోలిన బర్రెలను వాడు డీసీఎంలో తోలేవాడు. పని అదే, కాళ్ళకు బదులు టైర్లు. ఒక రాత్రి తొవ్వలో పదిహేను మంది ఆపారు. “బర్రెలన్నా, సూడుండ్రి, బర్రెలు” అని వాడు మొత్తుకున్నాడు. అంగడి రసీదు చూపించాడు. పశువుల డాక్టరు రాసిన చిట్టీ చూపించాడు. ఒకడు ఆ రెండు కాయితాలు తీసుకుని చదవకుండానే చింపేశాడు. తర్వాత కర్రలు లేచినయి. కుడిచెయ్యి రెండు వేళ్ళు విరిగినయి. స్టేషనుకు పోతే వాని మీదనే కేసు. ఎనిమిది బర్రెలు ఎటు పోయినయో ఈ రోజుకూ తెలియదు.

ఆ వార్త తెలిసిన రోజు కూడా నేను ఆఫీసులో కట్ట కడుతున్నాను. మలేసియాకు రెండు కంటైనర్లు. పశువైద్యుని సంతకం, ముద్ర, అంతా సరిగ్గా ఉంది. ఆ కట్టను బ్యాంకు నమ్మింది. కస్టమ్సు నమ్మింది. ఓడ కంపెనీ నమ్మింది. సముద్రం అవతల, భాష తెలియని దేశంలో అధికారి నమ్మి తాళం తీశాడు. మా తమ్ముడు చూపించింది కూడా అదే బర్రె కాయితం. అదే ప్రభుత్వపు డాక్టరు ముద్ర. ఊరి పొలిమేర కూడా దాటలేదు. నా కాయితం గొప్పతనం అది ఇంగ్లీషులో ఉండడం కాదు, దాని వెనక సేటు ఉండడం. వాని కాయితం వెనక మా వాడ ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముని వేళ్ళు విరగ్గొట్టింది ఆ పదిహేను మందే. కానీ ‘ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్’ అని ఇరవై ఏండ్లు నేను పెద్దకూర పేరు దాచిన ప్రతిసారీ, అది దాచాల్సిందేనని ఒప్పుకున్నట్టే కదా. సేటు బల్ల మీద వద్దన్నప్పుడు “మీ సాంపిలు పెట్టెలో ఉన్నదేంది?” అని ఒక్క మాట అడగలేకపోయిన. అడిగితే ఉద్యోగం పోయేది. నిజమే. ఇద్దరు పిల్లల చదువులు ఆగేవి. అదీ నిజమే. అయినా అడగలేదన్నది కూడా నిజమే.

2018లో మానేసేటప్పుడు ఏదో వీరుడి లెక్క ఏమీ చేయలేదు. చివరి రోజు మిఠాయి పంచారు, శాలువ కప్పారు. ఫొటోలో నా చేతిలో ఉన్నది ఆలుగడ్డ కూర తెచ్చిన ఖాళీ డబ్బానే.

ఇప్పుడు ఊర్లోనే ఉంటున్నాను. అవ్వ పోయింది. చిన్నాయిన కొడుకు డీసీఎం అమ్మి సంగారెడ్డిలో వాచుమెను పని చేస్తున్నాడు. రెండు వేళ్ళు వంగవు, తాళం ఎడమ చేత్తో తీస్తాడు. ఊర్లో కొత్తగా కట్టిన బడి కమిటీ వాళ్ళు ఈ మధ్య పెద్దమనుషుల వివరాలు రాసుకుంటూ మా ఇంటికొచ్చారు. బొంబాయిలో ఏం చేసేవారని అడిగారు. అలవాటుగా నాలుక మీదికి ఇంగ్లీషు ముక్క రానే వచ్చింది. మింగేశాను.

“పెద్దకూర కాయితాలు రాసేటోణ్ణి. రాసుకోండి” అన్నాను.

పిలగాడు కలం ఆపి నా ముఖం చూశాడు. నేను మళ్ళీ చెప్పాను, అక్షరాలు పలికి చెప్పాను. వాడు రాసిందాక గడప దాటి పోనివ్వలేదు.